ఓడ కొండెక్కిందట! పాటల చుట్టూ అల్లే ఇలాంటి కథల్ని పరీక్షించడం ఎలా

అంతర్వేది తీర్థం నుంచి తిరిగొస్తూ సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడి ఉన్నాం. మా బావ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాడు, నోరు ఊరుకోదు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి ఒక పాట వినిపించి, "ఒరేయ్, ఈ సౌండు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసా? ఓడ కొండెక్కితే వచ్చింది" అన్నాడు. అవతలి గట్టు నర్సాపురం చేరేలోపు కథంతా అయిపోయింది. నేను నమ్మేశాను కూడా. ఇంటికొచ్చి అన్నం తింటుంటే అనుమానం మొదలైంది.

కథ ఇదీ. 1968 వసంతంలో అమెరికాలోని బాల్టిమోర్ రేవులో ఒక సరుకు ఓడ బ్రెజిల్‌లోని రియోకి బయల్దేరిందట. అక్కడ ఎలక్ట్రానిక్ వాయిద్యాల ప్రపంచ ప్రదర్శన. ఓడ నిండా మూగ్, హామండ్, ఫర్ఫీసా, రోడ్స్, కోర్గ్ కంపెనీల కొత్త సరుకు. మార్చి 20న, గాలి లేని ప్రశాంతమైన పొద్దున బయల్దేరిన ఓడ అదే రోజు రాడార్‌లోంచి మాయమైపోయింది. కొన్ని నెలల తర్వాత ఆఫ్రికాకి పశ్చిమాన ఉన్న కేప్ వెర్డి దీవుల్లో, సావ్ నికొలావ్ అనే దీవిలో, సముద్రానికి 8 కిలోమీటర్ల లోపల ఒక కొండ పల్లె దగ్గర దొరికింది. మనుషులు లేరు. వెల్డింగ్ వాళ్లొచ్చి కంటైనర్లు కోస్తే వాయిద్యాలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. స్వాతంత్య్ర పోరాట నాయకుడు అమిల్కార్ కబ్రాల్ వాటిని కరెంటున్న బడులకి పంచమన్నాడు. ఆ బళ్లలో పిల్లలు వాయిస్తూ పెరిగారు, ఆ తర్వాత ఆ దీవుల పాటల్లో ఆ వింత సింథసైజర్ (కరెంటుతో స్వరాలు పుట్టించే వాయిద్యం) సౌండు వచ్చింది.

బాగుంది కదండీ. నాకూ బాగుంది, అందుకే ఓ పట్టు పట్టాను. ఆ పట్టు ఎలా పట్టానో వరసగా రాస్తున్నాను. ఈ కథకే కాదు, రేపు మీ వాట్సాప్‌లోకి ఇంకోటి వస్తే దానికీ పనికొస్తుంది. ఒక పుస్తకం, ఒక పెన్ను, ఫోన్‌లో మ్యాపు, ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు.

మొదటి అడుగు: కథని ముక్కలు చేయండి

కథని కథగా వింటే ఎప్పటికీ పట్టుకోలేం. ఒక ముక్క మీద అనుమానం వచ్చేలోపు ఇంకో ముక్క ముందుకొచ్చి "అరె భలే" అనిపిస్తుంది. అందుకని పులస కూరలో ముల్లు ఏరినట్టు ఒక్కో మాట ఏరి కాగితం మీద పెట్టాలి. ఒక లైనులో ఒకే సంగతి ఉండాలి.

నా కాగితం మీద ఇలా వచ్చింది: ఓడ ఉంది. బాల్టిమోర్ నుంచి బయల్దేరింది. రియోలో ప్రదర్శన ఉంది. ఈ ఐదు కంపెనీల సరుకు ఎక్కించారు. మొదటి రోజే రాడార్‌లోంచి పోయింది. కొండ మీద దొరికింది. వాయిద్యాలు బాగున్నాయి. కబ్రాల్ పంచమన్నాడు. బళ్లలో వాయించారు. తర్వాత ఆ సౌండు వచ్చింది.

పది లైన్లు. వీటిలో చివరిది మాత్రం నిజం, చెవులుంటే వినొచ్చు. 1970ల చివర్లో, 80ల్లో ఆ దీవుల పాటల్లో సింథసైజర్ గట్టిగానే వినిపిస్తుంది. గట్టి కోత ఎప్పుడూ ఇలాగే ఉంటుంది, చివర్లో ఒక నిజం పెట్టి దాని బలంతో మిగతా తొమ్మిదీ నడిపిస్తారు. కాబట్టి చివరి లైను నిజం కాబట్టి పైవన్నీ నిజమే అనుకోవద్దు. దేనికి దాన్నే విడిగా అడగాలి.

ఇంకో పని కూడా ఇక్కడే చేయండి. కథలో ఏం లేదో రాసుకోండి. బావ చెప్పిన కథలో ఓడ పేరు లేదు. కెప్టెన్ పేరు లేదు. సిబ్బంది ఎంతమందో లేదు, వాళ్లేమయ్యారో లేదు. ఓడ ఇనుము తర్వాత ఏమైందో లేదు. మన గోదారిలో ఒక పడవ బోల్తా పడితేనే పడవ ఎవరిది, సరంగు ఎవరు, ఎంతమంది ఎక్కారు అని నెల రోజులు అదే మాట. అలాంటిది ఒక ఓడకి ఓడ కొండెక్కితే దాని పేరు ఒక్కడికీ గుర్తులేదా?

రెండో అడుగు: ఈ కథ మొదట ఎవరి నోట వచ్చింది, వాళ్లు ఏం అమ్ముతున్నారు

బావని అడిగితే "నెట్‌లో ఉంది" అన్నాడు. నెట్‌లో ఉన్నవన్నీ తేదీల వారీగా వెనక్కి వెళ్తూ చూడండి. వంద చోట్ల ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, వాక్యాలు పక్కపక్కన పెట్టి చూస్తే వందా ఒకే ఊటలోంచి తోడుకున్న నీళ్లే. ఈ కథ ఊట 2016లో జర్మనీ రికార్డు కంపెనీ ఒకటి తెచ్చిన పాత పాటల సంకలనం. ఆ ఆల్బమ్‌ని పరిచయం చేస్తూ రాసిన మాటలే అందరూ తిప్పి తిప్పి రాస్తున్నారు.

1968కి 2016కి మధ్య 48 ఏళ్లు. ఓడ పోయిన సంగతి ఇన్సూరెన్స్ వాళ్లకి తెలియకుండా ఉండదు. లండన్‌లో లాయిడ్స్ లిస్ట్ అనే పత్రిక 1734 నుంచి 2013 దాకా ఓడల రాకపోకలు, ప్రమాదాలు అచ్చు వేస్తూనే ఉంది, ఇప్పుడు నెట్‌లో వస్తోంది. అందుకే ఓడ పేరు లేకపోవడం చిన్న విషయం కాదు. పేరుంటే వెతకొచ్చు, లేకపోతే వెతకలేం. కోత కోసేవాడు ఎప్పుడూ వెతకడానికి వీల్లేని చోటే ఖాళీ పెడతాడు.

అలాగని ఆ కంపెనీ వాళ్లు మోసగాళ్లని నేననడం లేదు. ఆల్బమ్ అమ్మేవాడు కొంచెం మసాలా వేస్తాడు. మన బ్యాండు మేళం వాళ్లు "విదేశాల్లో ప్రదర్శనలిచ్చిన" అని బోర్డు మీద రాసుకోరా ఏంటి? చాలామంది దాన్ని సరదాగానే తీసుకున్నారు. చిక్కంతా అది నోటికి నోటికి మారి, సరదా రాలిపోయి, సమాచారంగా మిగిలినప్పుడే. రేవు దగ్గర బావ నోటికి చేరేసరికి అది చరిత్ర అయిపోయింది.

మూడో అడుగు: కేలండర్ తీయండి

అన్నిటికంటే నాకిష్టమైన అడుగు ఇదే, ఎందుకంటే నేను ఘోరంగా దొరికిపోయింది ఇక్కడే.

మా అమ్మమ్మగారి ఇంట్లో పాత హార్మోనియం పెట్టె ఒకటి ఉండేది. పద్యనాటకాల్లో దాన్ని వాయించిన మా తాతయ్య దాని గురించి ఒక కథ చెప్పేవాడు: కోరంగి ఉప్పెనలో యానాం దగ్గర ఫ్రెంచి వాళ్ల ఓడ పగిలిపోతే కొట్టుకొచ్చిందని. నేను పెద్దయ్యాక ఒక పెళ్లిలో పదిమంది ముందు ఇదే కథ ఎక్కువ ధీమాగా చెప్పాను. అక్కడే ఉన్న ఒక సంగీతం మాస్టారు నెమ్మదిగా, "ఏవండీ, కోరంగి ఉప్పెన ఏ సంవత్సరం?" అన్నారు. 1839 నవంబర్, అది నాకు తెలుసు. "మరి హార్మోనియం?" అన్నారు. అది తెలీదు. పారిస్‌లో డెబాన్ అనే ఆయన హార్మోనియం అనే పేరుతో హక్కు తీసుకున్నది 1840ల మొదట్లో. అంటే వాయిద్యం పుట్టకముందే మా ఇంటికి కొట్టుకొచ్చింది! పైగా నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఊదుతూ ఇంకో చేత్తో వాయించే మన పెట్టె హార్మోనియం కలకత్తా వాళ్ల తయారీ, అదీ 19వ శతాబ్దం రెండో సగంలో. ఆ రోజు లడ్డూ గొంతు దిగలేదు.

కాబట్టి కథలో ఉన్న ప్రతి వస్తువుకీ పుట్టినరోజు వెతకండి. మన ఓడలో సరుకు సంగతి చూద్దాం.

కోర్గ్: కోర్గ్ పేరుతో మొదటి సింథసైజర్ మార్కెట్‌లోకి వచ్చింది 1973లో. 1968 నాటికి ఆ జపాన్ కంపెనీ పేరు కియో, వాళ్లకి పేరు తెచ్చింది రిథమ్ మెషీన్లు. అంటే 1968 ఓడలో కోర్గ్ పెట్టెలు అనగానే ఒక గంట మోగాలి.

మూగ్: రాబర్ట్ మూగ్ న్యూయార్క్ రాష్ట్రంలో ట్రూమన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో తయారు చేసేవాడు. 1968లో మూగ్ అంటే బీరువాలాంటి పెట్టెలు, వాటి నిండా బొత్తాలు, ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెకి గుచ్చే వైర్లు. బల్ల మీద పడేసి వాయించే కీబోర్డు కాదది. వైర్లు సరిగ్గా గుచ్చకపోతే సౌండే రాదు. గుచ్చినా ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది, మూడు మెట్లు కలిపి నొక్కితే మూడూ పలకవు. కాస్త వేడెక్కితే శృతి జారుతుంది. చేత్తో ఎత్తుకుపోయే మినీమూగ్ వచ్చింది 1970లో. ఇప్పుడు ఆలోచించండి: నేర్పే మనిషి లేడు, చదువుకోవడానికి పుస్తకం లేదు, దీవిలో బడి పిల్లాడు ఆ వైర్ల బీరువా ముందు కూర్చుని ఏం చేస్తాడు? మా ఊరి బడికి కంప్యూటర్ వస్తే దానికి తాళం వేసి రెండేళ్లు దుమ్ము తుడిచారు.

హామండ్, ఫర్ఫీసా, రోడ్స్ మాత్రం కేలండర్‌కి నిలబడతాయి, మూడూ 1968 నాటికి మార్కెట్‌లో ఉన్నాయి. నిలబడినవాటిని నిలబడ్డాయనే రాయండి. కంటైనర్ల మాట కూడా అంతే. మాల్కమ్ మెక్‌లీన్ 1956లోనే 58 ఇనుప పెట్టెల్ని ఒక ఓడ మీద పెట్టి పంపాడు, 1968కి అమెరికాలో అది కొత్త కాదు. "అప్పట్లో కంటైనర్లు ఎక్కడివి" అని బావ మీద ఎగిరితే మీరే దొరికిపోతారు. అనుమానపడేవాడు కూడా కేలండర్ చూసుకోవాలి.

నాలుగో అడుగు: మ్యాపు మీద స్కేలు పెట్టండి

ఫర్ఫీసా ఇటలీది. ఇటలీ నుంచి బ్రెజిల్‌కి ఓడలు నేరుగా వెళ్తుంటే అది అట్లాంటిక్ దాటి బాల్టిమోర్ ఎందుకు రావాలి? టోక్యో కంపెనీ కోర్గ్ సరుకు బాల్టిమోర్ ఎందుకు చేరాలి? ఇది అమలాపురం నుంచి రావులపాలెం వెళ్లడానికి కాకినాడలో బస్సెక్కడం లాంటిది. అమెరికా డీలర్ల దగ్గర ఉన్న సరుకే ఎక్కించి ఉండొచ్చు, కాదనను. కానీ కథ చెప్పేవాడు దీని గురించి ఒక్కసారైనా ఆలోచించినట్టు కనపడడు. పేరున్న ఐదు కంపెనీలూ ఒకే ఓడలో ఉంటే వినడానికి బాగుంటుంది, అంతే.

తర్వాత రాడార్. ఇది వింటే నవ్వొచ్చింది. బాల్టిమోర్ సముద్రం ఒడ్డున లేదు, చీసాపీక్ అనే పొడవాటి అఖాతం పైభాగాన ఉంది. అక్కణ్నుంచి అసలు సముద్రం చేరాలంటే 250 కిలోమీటర్లకు పైగా ప్రయాణం, గంటకి 25, 30 కిలోమీటర్లు పోయే సరుకు ఓడకి పొద్దుగూకేదాకా అదే పని. ఒడ్డున ఉన్న రాడార్ చూపు భూమి వంపు వల్ల కొన్ని పదుల కిలోమీటర్లకే ఆగిపోతుంది. అంటే రేవు విడిచిన ప్రతి ఓడా అదే రోజు ఆ రేవు రాడార్‌లోంచి మాయమవుతుంది! మాయం కావడం వింత కాదు, కాకపోతేనే వింత.

ఇక దారి. బాల్టిమోర్ నుంచి రియోకి గీత గీస్తే అది దక్షిణ అమెరికా తూర్పు మూల పక్కనుంచి కిందికి దిగుతుంది. కేప్ వెర్డి ఎక్కడో అవతల, సెనెగల్ తీరానికి దాదాపు 600 కిలోమీటర్ల దగ్గర. ఇంజను ఆగి తేలుతూ పోయిందంటారా, ఆ దీవుల దగ్గర నీళ్ల ఒరవడి తూర్పు నుంచి పడమరకి. ఆఫ్రికా వైపు నుంచి అమెరికా వైపు తోస్తుంది. దీవుల దగ్గర వదిలిన పడవ కరీబియన్ వైపు పోతుంది గానీ, అటునుంచి ఇటు నేరుగా రాదు. రావాలంటే పైనుంచి సముద్రమంతా చుట్టి రావాలి. ఏటికి ఎదురీదడం అంటే ఏంటో గోదారి వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కొండ. మన డెల్టా వాళ్లం ఇక్కడే మోసపోతాం, అది తెలుసుకోవాలి. మన నేల బల్లపరుపు. సముద్ర మట్టానికి కొన్ని మీటర్ల ఎత్తు, అంతే. 1977 నవంబర్ 19న దివిసీమలో ఉప్పెన కిలోమీటర్ల లోపలికి వచ్చింది. 1996 నవంబర్ 6న కోనసీమలో కొబ్బరిచెట్లు ఎలా విరిగాయో మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. పడవలు పొలాల్లో పడి ఉండటం చూసిన ఊళ్లు మనవి. అందుకే "ఓడ ఎనిమిది కిలోమీటర్లు లోపలికి" అంటే మన బుర్ర వెంటనే ఒప్పేసుకుంటుంది. కానీ సావ్ నికొలావ్ అగ్నిపర్వతం దీవి. మోంటె గోర్డొ శిఖరం 1,312 మీటర్లు. కథలో చెప్పే కషాసు కొండ మీది పల్లె, సముద్రం నుంచి వందల మీటర్లు ఎక్కాలి.

నిజంగా నీళ్లు ఓడని ఎంత దూరం తోయగలవో పక్కన పెట్టి చూడండి. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు లేచిన అల ఒక డచ్చి ఆవిరి ఓడని లోయ వెంబడి రెండు, మూడు కిలోమీటర్లు లోపలికి తోసింది. 2004 డిసెంబర్ సునామీ ఇండోనేషియాలోని బందా అచేలో 2,600 టన్నుల, కరెంటు తయారుచేసే ఓడని రెండు, మూడు కిలోమీటర్లు లోపల, ఇళ్ల మధ్య పడేసింది, ఇప్పటికీ అక్కడే ఉంది. ఈ రెండూ లోకం మొత్తానికి తెలిసిన విపత్తులు, వేల మంది పోయారు. వాటికంటే ఎక్కువ దూరం, అదీ కొండ మీదికి తోసిన అల 1968లో వస్తే దీవిలో ఒక్క ఇల్లన్నా తడవలేదా?

బావకి ఇది చెబితే "ఓడ పైనుంచి పడిందంటున్నారు" అన్నాడు. దానికి నా దగ్గర స్కేలు లేదు.

ఐదో అడుగు: బరువు, ఉప్పు, కరెంటు

ఈ అడుగులో వాయిద్యం ముట్టుకున్నవాళ్లకే తట్టే ప్రశ్నలుంటాయి, అందుకే మా బావలాంటి వాడు ఈ కథ నమ్మడం నాకు ఆశ్చర్యం.

హామండ్ బి-3 ఆర్గాన్ బల్ల, కాలి మెట్లతో కలిపితే దాదాపు 190 కిలోలు. కొండ దారిలో దించడానికి ఎంతమంది కావాలి? మా వాళ్లు స్టేజీ మీదికి ఒక బేస్ బాక్సు ఎక్కించడానికే నలుగురు కావాలంటారు. ఇక ఉప్పు గాలి. సముద్రానికి దగ్గరగా ఊళ్లల్లో కీబోర్డు రెండు వర్షాకాలాలు గుడ్డ కప్పకుండా వదిలేస్తే మెట్ల కింద కాంటాక్టులు పచ్చగా పట్టేస్తాయి, కొన్ని మెట్లు పలకవు. నెలల తరబడి సముద్రం మీద తిరిగి, కొండని గుద్దుకున్న పెట్టెల్లో ఇవి చెక్కుచెదరలేదంటే ఆ ప్యాకింగ్ వాళ్ల చిరునామా నాకు కావాలి.

అన్నిటికంటే మంచి ప్రశ్న కరెంటుది. కాస్త నిదానంగా చూద్దాం. అమెరికాలో కరెంటు 110 వోల్టుల పైచిలుకు, సెకనుకి 60 సైకిల్స్. కేప్ వెర్డిలో మన దగ్గరలాగే 220 వోల్టులు, 50 సైకిల్స్. వోల్టులు తగ్గించడానికి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు, పూర్వం గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి వచ్చిన సామాన్లకి మనవాళ్లు అదే చేసేవాళ్లు. కానీ ట్రాన్స్‌ఫార్మర్ సైకిల్స్‌ని మార్చదు. మరి హామండ్ ఎలా పలుకుతుంది? లోపల పళ్ల చక్రాలు తిరుగుతాయి, వాటిని తిప్పే మోటారు కరెంటు సైకిల్స్‌తో అడుగులో అడుగు వేసి తిరుగుతుంది. 60కి చేసిన మోటారుని 50 మీద పెడితే చక్రాలు ఆరో వంతు నిదానంగా తిరుగుతాయి, నల్ల మెట్లూ కలిపి లెక్కేస్తే శృతి మూడు మెట్లకు పైగా కిందికి పడిపోతుంది. అంటే మీరు ఐదో శృతి మెట్టు నొక్కితే మూడో శృతి, అదీ కాస్త కిందిగా, వినపడుతుంది. గిటార్ వాడు ఒక శృతిలో, ఆర్గాన్ వాడు ఇంకో శృతిలో! మెట్లు మార్చి వాయిద్దామన్నా ఆ "కాస్త కిందిగా" ఉన్న తేడా మెట్లలో దొరకదు, మిగతా వాళ్లంతా దానికి దిగాలి.

50 సైకిల్స్‌కి కూడా హామండ్ వాళ్లు వేరే మోడళ్లు చేసేవాళ్లు. కాబట్టి ఈ ఒక్క పాయింటుతో కథ కూలిపోదు. కానీ నిజంగా జరిగిన సంగతైతే దాన్ని చెప్పేవాళ్ల నోట మొదట వచ్చేది ఈ అవస్థే. "శృతి కలవక చచ్చాం, జనరేటర్ తెచ్చాం, ఫలానా మెకానిక్ మోటారు మార్చాడు" అని. జరిగినదానికి ఇలాంటి చిరాకులు అంటుకుని ఉంటాయి. ఓడ కథలో చిరాకు ఒక్కటీ లేదు, అన్నీ నున్నగా జరిగిపోయాయి.

ఆరో అడుగు: ఆ రోజు అక్కడ పెత్తనం ఎవరిది

చిన్న అడుగే గానీ, ఈ కథకి ఇదే గొడ్డలి పెట్టు. కేప్ వెర్డికి స్వాతంత్య్రం వచ్చింది 1975 జులై 5న. 1968లో పోర్చుగల్ ఏలుబడి. అమిల్కార్ కబ్రాల్ అప్పుడు పోర్చుగీసు గినీ (ఇప్పటి గినీ-బిస్సావ్) అడవుల్లో పోర్చుగీసు సైన్యం మీద యుద్ధం నడుపుతున్నాడు, మకాం పక్క దేశం గినీ రాజధాని కొనాక్రీలో. 1973 జనవరి 20న అక్కడే చంపేశారు, స్వాతంత్య్రం కళ్లారా చూడలేదు. కేప్ వెర్డిలోనే, సాంటియాగో దీవిలో, తరఫాల్ అనే జైలు శిబిరం ఉండేది, కబ్రాల్ లాంటి వాళ్ల వెంట నడిచేవాళ్లని అందులో వేసేవాళ్లు. అలాంటి చోట, పోర్చుగీసు వాళ్ల బళ్లకి ఏం పంచాలో కబ్రాల్ చెబితే పంచారట! 1942లో బ్రిటిష్ కలెక్టర్ ఆఫీసు నుంచి సామాన్లు బళ్లకి పంచమని గాంధీగారు జైల్లోంచి ఆర్డరేస్తే పంచినట్టుంది.

పెద్ద మనిషి పేరు వినపడగానే మనకి చెయ్యి ఆడదు, అనుమానం అడగడానికి మొహమాటం. అందుకే ఆ పేరు అక్కడ పెడతారు.

ఏడో అడుగు: అంకెలు తిరగేయండి

ఓడ కథలో అంకెలు తక్కువ, కాబట్టి మన ఇంటి కథతోనే చెప్తాను. కోరంగి ఉప్పెన గురించి ఎక్కడ చదివినా "20 వేల ఓడలు మునిగాయి, 3 లక్షల మంది పోయారు" అని ఉంటుంది. ఉప్పెన నిజం, ఊరు దెబ్బతిన్నది నిజం. కానీ 20 వేల ఓడలు ఒక రేవు చుట్టూ నిలబడాలంటే ఎంత చోటు కావాలో కోరంగి వెళ్లి ఏటిగట్టు మీద నిలబడి చూడండి. చేపల దోనెలూ, తాటి దోనెలూ అన్నీ కలిపి లెక్కేసినా సరిపెట్టడం కష్టం. మనవాళ్ల బాధని చిన్నది చేయమని కాదు, గుండ్రటి పెద్ద అంకె కనపడితే చోటుతో, మనుషులతో భాగించి చూడమని. నేను మా ఊరి వాళ్లతో ఈ మాటంటే రెండు రోజులు మాట్లాడలేదు.

ఎనిమిదో అడుగు: మరి ఆ సౌండు ఎక్కణ్నుంచి వచ్చింది

చాలామంది ఏడో అడుగు దగ్గర "అంతా అబద్ధం" అని పుస్తకం మూసేస్తారు. అది సగం పనే. చివరి లైను నిజం అన్నాను కదా, దానికి సమాధానం కావాలి.

కేప్ వెర్డి పది దీవుల దేశం, వానలు సరిగా పడవు, కరువులు చూసిన నేల. జనం తరాలుగా వలస పోయారు: అమెరికా తూర్పు తీరానికి, లిస్బన్‌కి, డాకర్‌కి, హాలండ్‌లోని రాటర్‌డామ్‌కి. ఓడల్లో కూలీలుగా, ఖలాసీలుగా. దీవుల్లో ఉన్నవాళ్లకంటే బయటున్నవాళ్లే ఎక్కువని వాళ్లే చెప్పుకుంటారు. 1965లో రాటర్‌డామ్‌లో వాళ్లలో ఒకాయన మొరబేజా అనే రికార్డు కంపెనీ పెట్టాడు. అక్కడే వాళ్ల బ్యాండ్లు పుట్టాయి, స్టూడియోలు దొరికాయి, వాయిద్యాలు కొనుక్కున్నారు.

దీవుల్లో ఫునానా అనే పల్లె పాట ఉండేది. చేతి అకార్డియన్, దానికి తోడు ఇనప కమ్మీ మీద కత్తితో గీకుతూ తాళం. దొరలకి, చర్చికి అది నచ్చేది కాదు, నాటు అని చిన్నచూపు. స్వాతంత్య్రం వచ్చాక కచాస్ అనే గిటారిస్టు 1970ల చివర్లో బులిముందు అనే బృందంతో అకార్డియన్ వరసల్ని ఎలక్ట్రిక్ గిటార్ మీదికి, సింథసైజర్ మీదికి ఎక్కించాడు. ఊరి పెద్దోళ్ల దగ్గర కూర్చుని వరసలు నేర్చుకుని మరీ. అదీ ఆ సౌండు. దానికి ఓడ అక్కర్లేదు. సూట్‌కేసులు చాలు, జీతాలు చాలు, అకార్డియన్ మీద వేళ్లు అరగదీసుకున్న ముసలాళ్లు చాలు. ఓడ కథలో నాకు కోపం వచ్చేది ఇక్కడే. వాళ్లందరి పనీ తీసేసి ఆకాశంలోంచి పెట్టెలు పడ్డాయంటోంది.

తొమ్మిదో అడుగు: చెప్పిన మనిషితో ఎలా మాట్లాడాలి

పదిమందిలో వద్దు. నా పెళ్లి లడ్డూ గుర్తుపెట్టుకోండి. "అబద్ధం" అనే మాట వాడొద్దు, ప్రశ్న ఒక్కటి అడగండి, వాళ్లకి బాగా తెలిసిన చోటు నుంచి. బావని నేను కబ్రాల్ గురించి అడగలేదు, "అమెరికా హామండ్ మన కరెంటు మీద పెడితే ఏ శృతి పలుకుద్ది బావా?" అన్నాను. ఐదు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత వాడే, "అయితే వాళ్లు మిగతావాళ్లని ఎలా కలిపారెహె" అన్నాడు. అక్కణ్నుంచి మిగతా అడుగులు వాడే నడిచాడు.

పదో అడుగు: అదే జల్లెడలో మీ ఇంటి కథ వేయండి

ఇది మాత్రం తప్పించుకోవద్దు. మా ఇంట్లో ఒక చిన్న కేసియో కీబోర్డు ఉంది, బావ చేతికి మొదటి కీబోర్డు అదే. మా అత్త కువైట్‌లో ఇళ్లల్లో పని చేసేది. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చి పడ్డప్పుడు అందరూ ప్రాణాలు అరచేత పట్టుకుని అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో వచ్చేస్తుంటే, అత్త ఈ కీబోర్డుని చున్నీలో చుట్టుకుని ఎడారి దాటించిందని మా ఇంట్లో చెప్పుకుంటాం. బావ స్టేజీ మీద కూడా చెబుతాడు, జనం చప్పట్లు కొడతారు.

ఓడ లెక్క తేలిన వారం, బావా నేనూ కలిసే వెళ్లి అత్తని అడిగాం. ఆవిడ చేపలు తోముతూ తలెత్తకుండానే, "యుద్ధంలోనా? కట్టుబట్టలతో వచ్చాన్రా. కీబోర్డెవడు మోస్తాడు" అంది. అది 88లోనే వచ్చిందట. సెలవు మీద రాజోలు వస్తున్న ఒకావిడ చేతికిచ్చి పంపింది, ఆవిడ పెట్టెలో చోటు కోసం సబ్బులు తీయించి తన డబ్బులతో మళ్లీ కొనిపెట్టిందట. పిల్లాడు అన్నం పళ్లెం మీద వేళ్లతో వాయిస్తున్నాడని ఉత్తరంలో రాశారని, మూడు నెలలు జీతంలో కొంత పక్కన పెట్టి కొంది.

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం అత్తా?"

"మీరడగలేదు. ఆడు మైకులో అంత బాగా చెబుతుంటే మధ్యలో నేనెందుకు" అంది.

ఇలాంటి మాట దొరికినప్పుడు అక్కడికక్కడే రాసుకోండి: ఎవరు, ఏ సంవత్సరం, ఎవరి చేతికిచ్చి, ఎంతకి కొని. వీలైతే ఫోన్‌లో రికార్డు చేయండి, చేసేముందు అడగండి. వస్తువు తిరగేసి వెనక మోడల్ నంబరు, ఉంటే సీరియల్ నంబరు ఫొటో తీయండి. మా కేసియో వెనక స్టిక్కర్ సగం చిరిగింది గానీ నంబరు కనపడుతోంది. రాజోలు ఆవిడ ఇంకా ఉన్నారట, ఆ సబ్బులు ఎన్నో ఆవిణ్నడగాలి.